కోలబల్ల మీద తొలిగీత

పిల్లలూ, ఈ కథ మీరిద్దరూ విని ఉండరు. మీరు పెరుగుతున్న చోట ఇది తెలిసినవాళ్లు లేరు. అందుకని ఒక్కో మాటా చూసుకుని చెబుతాను. నాకు తెలియని చోట తెలియదనే అంటాను. ముందుగా ఒకటి: ఉస్తాద్ అంటే పని నేర్పిన గురువు. పక్కన నిలబెట్టుకుని, చేతికి ఉలి అందించి నేర్పే మనిషి.

నంద్యాలలో మదార్ సాహెబ్ అని అలాంటి ఒక ఉస్తాద్ ఉండేవారు. కొయ్యపని ఆయనది. ఆయన శిష్యుడు యాగంటికి ఒక బెంగ పట్టుకుంది.

ఆ కార్ఖానాలో ఒక ఆచారం ఉంది. ఏ కొయ్య వచ్చినా దాని మీద తొలిగీత ఉస్తాదే గీయాలి. బిస్మిల్లా అని పెదవుల్లోనే అనుకుని గీసేవారు. యాగంటి ఆ గీతను వేలితో తాకి కళ్లకద్దుకునేవాడు. తర్వాతి కొలతలన్నీ దాని నుంచే మొదలయ్యేవి. తొలిగీత వంకరైతే తలుపు వంకర, తలుపు వంకరైతే ఇల్లే వంకర అని అక్కడ ఒక మాట.

ఆ ఏడు ఉస్తాద్ చేతులకు వణుకు వచ్చింది. ఒకరోజు తలుపు చెక్క మీద మట్టం పెట్టి గీస్తుంటే, మట్టం పట్టిన ఎడమ చెయ్యీ వణికింది, పెన్సిల్ పట్టిన కుడి చెయ్యీ వణికింది. గీత చీమలబారులా వంకర్లు పోయింది. ఆయన చెక్కను చిత్రిక పట్టి ఆ గీతను చెరిపేశారు. ఎప్పుడూ చెవి మీద ఉండే పెన్సిల్‌ను బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత వచ్చిన చెక్కలు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉండిపోయాయి.

యాగంటి మీసం మొలవకముందు ఆ కార్ఖానాకు వచ్చాడు. ఇప్పుడు మీసంలోనే తెల్లవెంట్రుకలు. ఉస్తాద్ తర్వాత పెన్సిల్ తనదేనని ఎన్నడూ బయటికి అనలేదు గాని, లోపల అనుకోని రోజు లేదు. అయితే రెండేళ్ల కిందట ఉస్తాద్ కూతురు జైబున్ కూడా పనిలోకి వచ్చింది. భర్త పోయాక పుట్టింటికి చేరి, వంటింట్లో కూర్చోలేక కార్ఖానాలో అడుగుపెట్టింది. వస్తూ వస్తూ ఒక రూటర్ మిషన్ తెచ్చుకుంది. కరెంటుతో గిర్రున తిరిగే చిన్న ఉక్కుపన్ను కొయ్యను తొలుచుకుంటూ పోయే యంత్రం అది. (దాని దగ్గర కళ్లద్దాలు లేకుండా నిలబడకూడదు. జైబున్ ఎప్పుడూ పెట్టుకునేది. ఈ సంగతి కథకు అక్కర లేకపోయినా మీకు అక్కర.)

ఆమె చెయ్యి మంచిదని యాగంటికి తెలుసు. ఆ తెలియడమే అతన్ని తినేస్తోంది. ఇంట్లో భార్య వేరే నూరిపోస్తోంది, కూతురుండగా నీకెందుకిస్తారు, నువ్వు ఎంత చేసినా పరాయివాడివేనని. అదే సమయానికి కర్నూలులో ఒక ఫర్నిచర్ కార్ఖానా వాళ్లు పెద్దమేస్త్రీగా రమ్మని పిలిచారు. శుక్రవారంలోగా మాట చెప్పమన్నారు.

యాగంటి ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, ఇకమీదట తొలిగీత ఎవరిది?"

ఉస్తాద్ సాసర్లో టీ పోసుకుని తాగుతున్నారు. సగం లుంగీ మీదే పడింది.

"పొద్దున జైబున్ అమ్మీ కూడా ఇదే అడిగింది," అన్నారు. "ఇద్దరికీ ఒకటే చెబుతాండా. టీచరమ్మ బల్ల అయినాక అడుగు."

టీచరమ్మ అంటే హైస్కూల్లో పనిచేసే విమలమ్మ. ఆవిడ అత్తగారికి చూపు లేదు. అన్నం తినే బల్ల మూలలు తగిలి ముసలామె ఒంటి మీద ఎప్పుడూ ఏదో ఒక దెబ్బ ఉండేది. మూలలు లేని బల్ల కావాలని కోడలు చెబుతుంటే, ముసలామె మధ్యలో అందుకుంది.

"మా ఇంట్లో మూలలన్నిటికీ నా తొడలు బాగా తెలుసు నాయనా. నాకే అవి తెలీవు."

అందరూ నవ్వారు, ఆమె కూడా. గుండ్రటి బల్ల చేద్దామంటే గది సన్నం, పట్టదు. అందుకని కోలగా, కోలమొహంలా, పొడవు ఎక్కువా వెడల్పు తక్కువా ఉండేట్టు చేయాలని తేలింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల లోపు వెడల్పు. ముసలామె బల్ల అంచు పట్టుకుని తన కుర్చీ దాకా నడుస్తుంది. కాబట్టి అంచులో ఎక్కడా ఎత్తు గాని పల్లం గాని ఉండకూడదు.

యాగంటి ముందు తనకు తెలిసిన పద్ధతిలో చేసి చూశాడు. పాత చెక్క మీద రెండు మేకులు కొట్టి, వాటి చుట్టూ దారం ఉచ్చు వేసి, ఉచ్చులో పెన్సిల్ ఉంచి లాగాడు. కోల వచ్చింది గాని దారం సాగి, తిరిగొచ్చిన గీత మొదలైన గీతను కలవలేదు. రంపంతో కోసి, గరుకైన ఉప్పుకాగితంతో రుద్ది, కళ్లు మూసుకుని అరచేత్తో అంచు తడిమాడు. ఎగుడుదిగుళ్లు చేతికి తెలిశాయి. తన చేతికే తెలిస్తే ఆమె చేతికి తెలియదా?

అప్పుడు జైబున్ నేల మీద సుద్దముక్కతో ఒక బొమ్మ గీసింది. చదరపు చెక్క. దాని మీద నిలువుగా ఒక గాడి, అడ్డంగా ఒక గాడి, రెండూ నడుమ కలుస్తాయి. ఒక్కో గాడిలో ఒక్కో కొయ్యముక్క అటూ ఇటూ జారుతుంది. ఆ రెండు ముక్కలకీ కలిపి పైన ఒక పొడవాటి బద్ద బిగిస్తారు. బద్ద కొసకు రూటర్ మిషన్. బద్దను చుట్టూ తిప్పితే మిషన్ కోలగా తిరుగుతుంది. ఇలాంటి సాధనాన్ని జిగ్ అంటారు. అది దుకాణంలో కొనక్కర్లేదు, మనమే చేసుకోవచ్చని ఆమె అంది.

యాగంటి బొమ్మను చాలాసేపు చూసి, తాను గుండ్రంగా కోసిన గాదె మూతలూ బండిచక్రాలూ లెక్కలేనన్ని ఉన్నాయనీ, నడుమ మేకు లేని దాన్ని ఎక్కడా చూడలేదనీ అన్నాడు.

"చూడలేదు కాబట్టే చెబుతాండా అన్నా," అంది జైబున్.

ఉస్తాద్ పనిని పంచారు. గాడులు కూతురు తొలవాలి. నిలువు గాడిలో జారే ముక్కను కూడా ఆమే చేయాలి. అడ్డ గాడిలో జారే ముక్కా, పైన బద్దా యాగంటి చేయాలి.

యాగంటి తన ముక్కను చింతకొయ్యతో చేశాడు. దాన్ని చూస్తే ఎవరైనా ముచ్చటపడతారు. గాడిలో అటూ ఇటూ కదిలిస్తే నూనె రాసినట్టు జారింది. జైబున్ ముక్కా అలాగే కుదిరింది. ఇద్దరూ ఒకరి పనిని ఒకరు దొంగచూపులు చూసుకున్నారు గాని బాగుందని ఎవరూ నోరు తెరిచి అనలేదు.

బల్ల చెక్కను బోర్లా వేశారు. స్క్రూల గుర్తులు పైకి కనపడకూడదని జిగ్‌ను అడుగు వైపు బిగించారు. ఇక బద్ద ఎక్కించడమే తరువాయి. జైబున్ చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్లింది.

యాగంటికి మాత్రం మనసు ఒప్పుకోలేదు. రెండు ముక్కలూ కదిలేవే అయితే నిలిచేది ఏది? నిలిచేది లేకుండా తిరిగేది ఎలా తిరుగుతుంది? నడుమ ఒకటి గట్టిగా ఉండాలి. తన ముక్కను రెండు గాడులూ కలిసే చోటికి జరిపాడు. దాన్ని అక్కడే ఒక స్క్రూతో అడుగు చెక్కకు బిగించేశాడు. దాని మీద బద్దను ఎక్కించాడు. స్క్రూ బద్ద కింద ఎక్కడో ఉండిపోయింది.

జైబున్ వచ్చాక ఇద్దరూ కలిసి బద్దను తిప్పబోయారు. కదలలేదు. గట్టిగా తోశారు. కిర్రుమంది గాని కదలలేదు.

జైబున్ ముక్క బిగుసుకుందని యాగంటి అన్నాడు. ఆమె దాన్ని బయటికి తీసి అందించింది. అతను దానికి ఒక పొర చిత్రిక పట్టి మళ్లీ పెట్టాడు. అయినా కదలలేదు. మైనం రాశాడు. కదలలేదు. ఈసారి భుజం ఆనించి తోసేసరికి బద్ద పటుక్కుమని కొసన చీలింది.

"బొమ్మ గీసినంత సులువా పని?" అన్నాడు యాగంటి. "మిషన్ కొన్నంత మాత్రాన మేస్త్రీలైపోరు."

"మీసం తెల్లబడినంత మాత్రాన కూడా కారులే," అంది జైబున్.

అరుగు మీద కూర్చుని ఉన్న ఉస్తాద్‌కు ఈ మాటలు వినపడ్డాయి. లేచి లోపలికి వచ్చారు. వంగి, చీలిన బద్దను పక్కకు తప్పించి చూశారు. అడ్డ గాడి ముక్క నడిబొడ్డున స్క్రూ తల మెరుస్తోంది.

ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని జిగ్ ముందు కూర్చున్నారు. దాన్ని స్క్రూ గాటులో పెట్టబోయారు. చెయ్యి వణికి జారింది. మళ్లీ పెట్టారు. మళ్లీ జారి, చింతకొయ్య మీద ఒక గీటు పడింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మళ్లీ ప్రయత్నించారు. స్క్రూడ్రైవర్ కొస గాటు చుట్టూ టకటకమని కొట్టుకుంటోంది. ఎవరి కోసమూ ఆగకుండా, ఎవరినీ చూడకుండా, అదే ఆయన పని అన్నట్టు చేస్తూనే ఉన్నారు.

ఒకప్పుడు వేపచెక్క మీద తిన్నగా మేకు దింపడం ఆ చెయ్యే తనకు నేర్పింది. యాగంటి చూడలేకపోయాడు. వచ్చి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నేను తీస్తా ఉస్తాద్."

ఆయన వెంటనే ఇచ్చేశారు. యాగంటి స్క్రూ విప్పి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పిడికిట్లోనే పెట్టుకున్నాడు.

"నేను చూసినాను," అంది వెనక నుంచి జైబున్. "కొళాయి కాడి నుంచి చూసినాను అబ్బాజాన్, అన్న బిగిస్తాంటే. తిరగదని నాకు తెలుసు."

ఉస్తాద్ కూతురి వైపు తిరిగారు.

"తెలిసి ఊరుకున్నావా?"

ఆమె తల వంచుకుని, నేల మీద చీలిన బద్ద ముక్కలు ఏరింది.

ఆ మధ్యాహ్నం యాగంటి కొత్త బద్ద చేశాడు. జైబున్ దానికి రంధ్రాలు వేసింది. ఎక్కడెక్కడ వేయాలో ఇద్దరూ కలిసి కొలిచారు, మాటలు అవసరమైనంత మేరకే ఆడుకుంటూ. బద్దను రెండు ముక్కలకీ తగిలించారు. మిషన్ బిగించాల్సిన కొసన ఉస్తాద్ ముందు పెన్సిల్ దూర్చమన్నారు. కోసే ముందు గీత ఉండాలి కదా.

పెన్సిల్ దూర్చాక, ఎవరు గీయాలన్న మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

ఉస్తాద్ వచ్చి ఆ కొసను తానే పట్టుకున్నారు. శిష్యులిద్దరినీ చెరో ముక్క మీద వేలు ఆనించి కూర్చోమన్నారు, అది ఎటు పోతే అటు పోనివ్వమన్నారు. పెదవులు కదిలాయి. లాగడం మొదలుపెట్టారు.

బల్ల పొడవాటి కొస దగ్గర ఒకసారి ఆపారు.

"నడుమ ఎవరుండారు?"

యాగంటి చూశాడు. తన వేలి కింది ముక్క సరిగ్గా రెండు గాడులూ కలిసే చోట ఉంది. జైబున్ ముక్క దూరంగా, గాడి చివర ఉంది.

"నేను, ఉస్తాద్."

ఆయన మళ్లీ లాగారు. యాగంటి వేలి కింద ముక్క కదిలి, నడిమి చోటు వదిలి, పక్కకు జారుతూ పోయింది. బల్ల వెడల్పు వైపు చేరాక ఆపారు.

"ఇప్పుడు?"

"నేను," అంది జైబున్.

ఉస్తాద్ చుట్టూ నడుస్తూ పోయారు. ఆయన చెయ్యి ఎప్పటిలాగే వణుకుతోంది. యాగంటికి అది స్పష్టంగా కనిపిస్తోంది. కాని ఆ వణుకు పెన్సిల్ మొన దాకా చేరడంలేదు. ఒక ముక్క నడుమకు వస్తుంటే రెండోది తప్పుకుంటోంది, అది వెళ్తుంటే ఇది వస్తోంది. రెండింటి మధ్యా బద్ద ఎటూ ఊగకుండా, పెన్సిల్‌ను దాని దారిలోనే నడిపిస్తోంది. గీత వెనకే వస్తోంది, నల్లగా, నున్నగా.

మొదలైన చోటే వచ్చి కలిసింది. ఎక్కడ కలిసిందో కనపడలేదు.

ఉస్తాద్ వంగి గీతను చూశారు. తర్వాత తన చేతిని చూసుకున్నారు, ఎవరిదో చూసినట్టు. జైబున్ కొంగుతో కళ్లు తుడుచుకుంది. యాగంటి అలవాటుగా వేలు ముందుకు చాచి ఆ గీతను తాకాడు. కళ్లకద్దుకోబోయి, అలాగే కాసేపు వేలిని కనురెప్పల మీదే ఉంచుకున్నాడు.

ఆ తర్వాత పెన్సిల్ తీసి రూటర్ బిగించారు. ఒకేసారి లోతుగా కోయకూడదు, కొంచెం కొంచెంగా దిగాలి. ఒక చుట్టు జైబున్ తిప్పింది, ఒక చుట్టు యాగంటి తిప్పాడు. అతని చుట్టు వచ్చినప్పుడు జైబున్ తన కళ్లద్దాలు తీసి అతనికి పెట్టింది, చెవుల దగ్గర బిగుతుగా ఉన్నాయని అతను గొణిగితే, తల పెద్దదైతే అద్దాలేం చేస్తాయన్నా అంది. యాగంటి నవ్వాడు. ఆ గీత మిషన్ కింద పొడి పొడి అయి నేల మీద రాలిపోయింది.

బల్ల తీసుకుపోవడానికి విమలమ్మ టీచర్ వచ్చినప్పుడు అత్తగారు కూడా వచ్చింది. ఎవరూ చెయ్యి పట్టుకోవద్దంది. అంచు మీద అరచెయ్యి ఆనించి చుట్టూ నడిచింది. ఇంకో చుట్టు నడిచింది. మధ్యలో ఆగి, వెనక్కి రెండడుగులు వేసి, మళ్లీ తడిమింది.

"దీన్ని యాడ మొదలుపెట్టినారు నాయనా?"

యాగంటి చెప్పబోయి, బల్ల వైపు చూశాడు. తనకూ తెలియలేదు.

"జ్ఞాపకం లేదవ్వా," అన్నాడు.

శుక్రవారం కర్నూలు నుంచి మనిషి వచ్చాడు. యాగంటి అతనికి టీ తెప్పించి, ఇక్కడ గోడకు ఆనించిన చెక్కలు చాలా ఉన్నాయని, రాలేనని చెప్పి పంపేశాడు. ఇంట్లో భార్యకు ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు. ఏదో ఒకటి చెప్పుకునే ఉంటాడు.

ఆ మనిషి వెళ్లాక గోడ దగ్గరికి పోయి, అన్నాళ్లూ ఆగిపోయిన తలుపు చెక్కను ఎత్తబోయాడు. జైబున్ రెండో కొస పట్టింది. తెచ్చి ఉస్తాద్ ముందు బల్ల మీద పరిచారు. యాగంటి దాని మీద పొడవాటి బద్దను నిలువునా పెట్టి ఒక కొసను రెండు చేతులా అదిమి పట్టాడు. రెండో కొసను జైబున్ అదిమింది. పెన్సిల్ ఉస్తాద్ చేతికి దగ్గరగా ఉంది.

ఆయన ఇద్దరినీ చూశారు. పెన్సిల్ తీసుకుని, బద్దకు ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా గీశారు. గీత తిన్నగా వచ్చింది.

"అడగమన్నాను కదా యాగంటీ. బల్ల అయిపోయింది," అన్నారు.

యాగంటి బద్ద మీద చేతులు తీయలేదు. తల అడ్డంగా ఊపాడు.

జైబున్ మాత్రం నెమ్మదిగా అడిగింది. "మీరు లేనినాడు ఎట్ల అబ్బాజాన్?"

ఉస్తాద్ పెన్సిల్‌ను చెవి మీద పెట్టుకున్నారు.

"గీసేవాళ్లు ఎవరైనా దొరుకుతారు అమ్మీ. ఈ కొసా ఆ కొసా పట్టుకునేవాళ్లు ఉండాల."

పిల్లలూ, కథ ఇంతే. నాకు తెలిసినంతవరకు మార్చకుండా చెప్పాను. మీరు దీన్ని ఇంకొకరికి చెప్పండి. మీరిద్దరూ కలిసి చెప్పండి. ఒకరు మరిచిపోయిన చోట, వెక్కిరించకుండా, రెండోవాళ్లు అందుకోండి.